లో పాయింటా, రాక్ బాటమా?

ఏదైనా అనుభవంలో బాగా ఇబ్బంది పడ్డ ఘట్టాన్ని ఇంగ్లిష్‌లో చెప్పడానికి చాలాసార్లు ‘లో పాయింట్’ సరిపోతుంది. ‘ద లో పాయింట్ ఆఫ్ ద ట్రిప్ వాజ్ మిస్సింగ్ ద ట్రైన్’ అంటే, మిగతా ట్రిప్ అంత ఘోరంగా లేదని కూడా తెలుస్తుంది.

‘రాక్ బాటమ్’ అలా కాదు. ఇక దిగజారడానికి చోటే లేదని దాని భావం. వ్యసనంతోనో అప్పులతోనో మనిషి పూర్తిగా చితికిపోయినప్పుడు ‘హి హిట్ రాక్ బాటమ్’ అంటారు. ఇక్కడ ముందు ‘ఎ’, ‘ద’ రావు. తోడుగా ఎక్కువగా ‘హిట్’ గానీ ‘రీచ్’ గానీ వస్తుంది. రైలు తప్పినందుకు ఈ మాట వాడితే వినేవాళ్లు కంగారు పడతారు. నిజంగా ఆ స్థితిలో ఉన్నవాళ్ల బాధను తక్కువ చేసినట్టూ అవుతుంది. (ధరల విషయంలో మాత్రం ‘రాక్ బాటమ్’ అంటే బాగా చవక అనే.) ఇంటర్వ్యూలో గడ్డురోజుల గురించి అడిగితే ‘ఎ లో పాయింట్ ఇన్ మై కెరీర్’ అనడమే నయం.