డేటా సెంటర్ ఫైర్‌వాల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా ఆఫీసు గచ్చిబౌలిలో, సర్వర్లు మాదాపూర్ వైపు ఒక కొలొకేషన్ డేటా సెంటర్లో (చోటు అద్దెకిచ్చే డేటా సెంటర్లో) ఉంటాయి. అక్కడ మా ర్యాక్‌లో జంటగా నడుస్తున్న రెండు నెక్స్ట్ జనరేషన్ ఫైర్‌వాల్స్ (నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను లోపల ఏముందో కూడా చూసి, రూల్స్ ప్రకారం వదిలే లేదా ఆపే పరికరాలు) గురించి రాస్తున్నాను. కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్లీ తెరుచుకుంటున్న రోజుల్లో కొన్నాం. ఈలోగా లైసెన్స్ ఒకసారి రెన్యూవల్ కూడా అయింది. బ్రాండ్ పేరు రాయను. పెద్ద బ్రాండ్లలో ఒకటి. నేను చెప్పేవి చాలామటుకు ఏ బ్రాండ్ కొన్నా ఎదురయ్యేవే.

ముందే చెప్పేస్తాను, కొనొచ్చు. అమ్మేవాళ్లు డెమోలో గంటల తరబడి చూపించేది ఇంటర్నెట్ నుంచి వచ్చే దాడుల్ని ఎలా ఆపుతుందనే. మేం పెట్టిన డబ్బు గిట్టింది మాత్రం లోపల, సర్వర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచే ట్రాఫిక్ దగ్గర.

పాత ఏర్పాటులో సర్వర్లన్నీ ఒకే పెద్ద నెట్‌వర్క్‌లో ఉండేవి. టెస్ట్ సర్వర్ నుంచి పేరోల్ డేటాబేస్ దాకా అడ్డూ అదుపూ లేకుండా వెళ్లొచ్చు. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్వేర్) వచ్చినప్పుడు ప్రపంచమంతటా కంపెనీలను ముంచింది ఇలాంటి అమరికే. దానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌గా (లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌గా) ఇచ్చింది. ప్యాచ్ వెయ్యని ఒక్క మెషీన్ దొరికితే చాలు, విండోస్ ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు మీదుగా పక్క మెషీన్లకు దానంతట అదే పాకింది.

కొత్త ఫైర్‌వాల్ రాగానే వెబ్, అప్లికేషన్, డేటాబేస్, బ్యాకప్, టెస్ట్, మేనేజ్‌మెంట్ అని వీల్యాన్లు (అవే స్విచ్‌ల మీద విడివిడిగా నడిచే చిన్న నెట్‌వర్క్‌లు) విడగొట్టి, అన్నిటికీ గేట్‌వేగా, అంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే దారిగా, దాన్నే పెట్టాం. రూల్స్ వెంటనే బిగించలేదు. మొదట అంతా అనుమతించి, లాగింగ్ ఆన్ చేసి, నెలాఖరు దాటేదాకా ఊరికే చూశాం. నెలాఖరు ఎందుకంటే, మామూలు రోజుల్లో కనిపించని బ్యాచ్ జాబ్‌లు అప్పుడే బయటపడతాయి. ఎవరూ డాక్యుమెంట్‌లో రాయని కనెక్షన్లు ఎన్ని తేలాయో! ఆ లాగ్స్ ముందు పెట్టుకుని అప్లికేషన్ టీమ్‌లతో కూర్చుని, ఒక్కొక్క ఫ్లోకి రూల్ రాసి, చివర్లో డినై (రూల్ లేనిదేదైనా ఆపెయ్యమని) పెట్టాం. ఓపిక కావాల్సిన పని. ఈ పని చెయ్యకపోతే అంత ఖరీదైన ఫైర్‌వాల్ కొనడం దండగ.

ఒక శనివారం రాత్రి దాని విలువ కళ్లారా చూశాం. డినై లాగ్ ఒక్కసారిగా పెరిగిందని అలర్ట్ వచ్చింది. తెరిచి చూస్తే అన్ని లైన్లలోనూ సోర్స్ ఒక్కటే, టెస్ట్ వీల్యాన్‌లోని ఒక సర్వర్. డెస్టినేషన్ అడ్రస్ చివరి అంకె మాత్రం 11, 12, 13 అని వరసగా పెరుగుతూ పోతోంది. పోర్టు అన్నిటికీ 445. డేటాబేస్ వీల్యాన్ అయిపోగానే బ్యాకప్ వీల్యాన్ మొదలుపెట్టింది. బయటి కాంట్రాక్టర్ ఒకరు ఆ టెస్ట్ సర్వర్లో వేసిన ఒక టూల్‌తో పాటు మాల్వేర్ కూడా వచ్చిందని తర్వాత తేలింది. సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి తప్పించి మొత్తం చెరిపేసి మళ్లీ కట్టాం. ప్రొడక్షన్లో ఒక్క మెషీన్‌కు కూడా అది చేరలేదు. పాత నెట్‌వర్క్‌లోనైతే సోమవారం పొద్దున మా పరిస్థితి ఏమయ్యేదో ఊహించుకోవడానికే భయం.

ఒక పరిమితి గట్టిగా చెప్పాలి. ఒకే వీల్యాన్‌లో ఉన్న రెండు సర్వర్లు మాట్లాడుకుంటే ఆ ట్రాఫిక్ స్విచ్ దగ్గరే తిరిగిపోతుంది, ఫైర్‌వాల్ కంట పడదు. ఆ రాత్రి కూడా టెస్ట్ వీల్యాన్‌లోని పక్క సర్వర్లను దీనివల్ల కాపాడుకోలేకపోయాం, వాటినీ ఒక్కొక్కటిగా తనిఖీ చెయ్యాల్సి వచ్చింది. అక్కడ హోస్ట్ ఫైర్‌వాల్ (సర్వర్‌లోనే నడిచే ఫైర్‌వాల్) గానీ, హైపర్‌వైజర్ (వర్చువల్ సర్వర్లను నడిపే సాఫ్ట్‌వేర్) స్థాయిలో మైక్రోసెగ్మెంటేషన్ (ఒక్కొక్క సర్వర్‌కూ విడిగా రూల్స్) గానీ ఉండాల్సిందే.

ఎస్‌ఎస్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ (ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ను ఫైర్‌వాల్ విప్పి చూడటం) విషయంలో నాకు అంత తృప్తి లేదు. ఈ రోజుల్లో వెబ్ ట్రాఫిక్ దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తుంది కాబట్టి, విప్పి చూడకపోతే ఫైర్‌వాల్‌కు లోపల ఏముందో తెలియదు. విప్పితే మాత్రం రోజూ ఏదో ఒక ఫిర్యాదు. ఒక 20వ తేదీన అకౌంట్స్ నుంచి ఫోన్: "అన్నా, జీఎస్‌టీ పోర్టల్లో సంతకం పడట్లేదు, ఇవాళే లాస్ట్ డేట్!" ఆ టెన్షన్‌లో మినహాయింపు పెట్టాక గానీ పని జరగలేదు. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ పోర్టళ్లను ఇప్పుడు ఇన్‌స్పెక్షన్ నుంచి పూర్తిగా తప్పించాం. ఉద్యోగుల సొంత విషయాలు మనం విప్పి చూడకూడదు కాబట్టి కూడా అదే సరైన పద్ధతి. ఫోన్లతో ఇంకో తలనొప్పి ఉంది. ఆండ్రాయిడ్ 7 నుంచి, ఇలా విప్పి చూడటానికి మనం ఇన్‌స్టాల్ చేసిన సర్టిఫికెట్‌ను యాప్‌లు మామూలుగా నమ్మవు. ఫోన్లకు వేరే వైఫై ఇచ్చి ఆ గొడవ వదిలించుకున్నాం. బ్రౌజర్లు టీసీపీ బదులు యూడీపీ మీద నడిపే క్విక్ (QUIC) ప్రోటోకాల్‌ను ఆపడానికి బయటికెళ్లే యూడీపీ 443 పోర్టు మూసేశాం, బ్రౌజర్లు మళ్లీ టీసీపీకి వచ్చేస్తాయి.

కొనేముందు డేటాషీట్ జాగ్రత్తగా చదవండి. పైన పెద్ద అక్షరాల్లో ఉండే థ్రూపుట్ (సెకనుకు ఎంత ట్రాఫిక్ మోస్తుందో చెప్పే అంకె), పెద్ద ప్యాకెట్లతో, స్కానింగ్ ఏదీ లేకుండా కొలిచింది. కింద థ్రెట్ ప్రివెన్షన్ (దాడుల కోసం స్కానింగ్ ఆన్ చేసినప్పటి) అంకె చాలా తక్కువ ఉంటుంది, ఎస్‌ఎస్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ అంకె అంతకంటే తక్కువ. మేం ఆ ఆఖరి అంకె చూసుకునే మోడల్ ఎంచుకున్నాం. అందుకే ఇన్నాళ్లకూ సీపీయూకు ఊపిరాడుతోంది.

వీపీఎన్‌కు (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా వచ్చే దారికి) అసలు పరీక్ష మన హైదరాబాద్ వాన. జులైలో కుండపోతగా పడి, ఇంటి నుంచే పని చేయమని సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు చెప్పిన రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నరకల్లా అందరూ ఒకేసారి లాగిన్ అవుతారు. మామూలు రోజుల లెక్కతో లైసెన్స్ తీసుకుంటే ఆ రోజు సగం మంది బయటే ఉండిపోతారు. మాది తట్టుకుంది.

అన్నిటికంటే కలవరపెట్టేది, కాపలా కాయాల్సినదానికే రంధ్రాలు పడటం. 2024లో జనవరిలో ఇవాంటి, ఫిబ్రవరిలో ఫోర్టినెట్, ఏప్రిల్లో పాలో ఆల్టో, వరసగా ఈ కంపెనీల పరికరాల వీపీఎన్ భాగాల్లోనే తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. ఏప్రిల్ లోపానికి తీవ్రత స్కోరు 10కి 10. మేనేజ్‌మెంట్ పేజీ ఇంటర్నెట్‌కు అస్సలు కనిపించకూడదు, అడ్మిన్ లాగిన్‌కు ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు అడగడం) తప్పనిసరి. ప్యాచ్ వచ్చిందంటే రాత్రికి రాత్రే వెయ్యగలిగేలా బిజినెస్ వాళ్ల దగ్గర ముందే అనుమతి తీసి పెట్టుకున్నాం. రెండు ఫైర్‌వాల్స్ ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. ఒకదాన్ని అప్‌గ్రేడ్ చేస్తుంటే రెండోది మోస్తుంది. ఇన్‌స్పెక్షన్‌లో ఉన్న సెషన్లు మాత్రం ఆ మార్పిడిలో తెగుతాయి.

లాగ్స్ నిల్వకు వేరే బడ్జెట్ పెట్టుకోండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు దాచాలి, సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి. ఫైర్‌వాల్‌లో ఉన్న డిస్క్ దానికి ఏ మూలకూ చాలదు. విడిగా సిస్‌లాగ్ సర్వర్ పెట్టాం. టైమ్ సింక్ కూడా సరిచేసుకోవాలి, లేకపోతే రెండు సర్వర్ల లాగ్స్ పక్కపక్కన పెట్టి చూసినా కథ అర్థం కాదు.

సపోర్ట్ ఓ మోస్తరు. ఒకసారి పవర్ సప్లై పోతే బదులుది మర్నాడు మధ్యాహ్నానికి బెంగళూరు నుంచి వచ్చింది. రెన్యూవల్ ధర మాత్రం చేదు. మొదట ఇచ్చిన డిస్కౌంట్ మాయమై, 18 శాతం జీఎస్‌టీతో కలిపి చూస్తే కొత్తది కొన్నంత పని. కట్టకపోతే ట్రాఫిక్ ఆగదు గానీ కొత్త దాడుల్ని గుర్తుపట్టే సిగ్నేచర్ అప్‌డేట్లు ఆగిపోతాయి. కాబట్టి రెన్యూవల్ రేటును మొదటి పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించుకోండి.

రూల్స్ రాయడానికి, ప్రతి మూడు నెలలకూ వాటిని తిరగేసి వాడనివి తీసెయ్యడానికి ఒక మనిషిని కేటాయించగల కంపెనీకి ఇది కొనమని నిస్సందేహంగా చెబుతాను. ఆ మనిషి లేకపోతే, అదే డబ్బుతో ముందు మనిషిని పెట్టుకుని, ఉన్న స్విచ్‌ల మీద ఏసీఎల్‌లతో (స్విచ్‌లోనే రాసే అనుమతి రూల్స్‌తో) వీల్యాన్లు విడగొట్టడం మొదలుపెట్టండి. ఫైర్‌వాల్ వచ్చే ఏడాది కొనొచ్చు.