చంద్రగిరి చూసి వచ్చేవారికి హెచ్చరిక: "రాయలనాటి కత్తి" అంటే నమ్మి కొనకండి

చంద్రగిరి కోటలోని పురావస్తు ప్రదర్శనశాల చూసి తిరుపతికి తిరిగివచ్చేవారికి, అందులోనూ పాత ఆయుధాలంటే మక్కువ ఉన్నవారికి, తెలియజేయవలసిన విషయం ఒకటి ఉంది. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని నమ్మబలికి తిరుపతిలోని ఒక దుకాణంలో నాకు 38,000 రూపాయలకు అమ్మిన కత్తి, వెల్డింగు షాపుల్లో గేట్లకు, గ్రిల్లులకు వాడే ఎమ్మెస్ ఫ్లాటుతో, అంటే కర్బనం తక్కువున్న మామూలు మెత్తటి ఉక్కు పట్టీతో చేసినదని తేలింది. ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది కనుక దుకాణం పేరు రాయడం లేదు. వాళ్లు నన్ను నమ్మించిన తీరు, నేను ఆలస్యంగా గమనించిన తేడాలు మాత్రం ఏదీ దాచకుండా రాస్తున్నాను.

మాది చిత్తూరు. మా నాన్నగారి కాలం నుంచి విజయదశమికి ఆయుధపూజ తప్పకుండా చేస్తున్నాము. ఆయన పూజలో పెట్టే పాత పిడిబాకు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. దాని స్థానంలో నిజమైన పాత కత్తి ఒకటి ఉంటే బాగుంటుందన్న కోరిక నాకు చాలా ఏళ్లుగా ఉంది. మాటల్లో మాటగా ఈ సంగతి బయటపెట్టడమే నేను చేసిన మొదటి పొరపాటు.

మొన్నటి వేసవిలో హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనల్లుడిని తీసుకుని చంద్రగిరి వెళ్లాను. రాజమహల్‌లో ఉన్న ఆ ప్రదర్శనశాల భారత పురావస్తు శాఖ వారిది. దానికి శుక్రవారం సెలవు. ఆ సంగతి తెలియక వచ్చి వెనుదిరిగేవాళ్లను చాలాసార్లు చూశాను. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ మూడంతస్తుల మహలులో గుడిమల్లం, గండికోట, యాగంటి వంటి చోట్ల నుంచి తెచ్చిన శిల్పాలతో పాటు మధ్యయుగపు కత్తులు, బాకులు కూడా అద్దాల వెనుక ఉన్నాయి. మేమిద్దరం వాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాము. బయటికి వచ్చి చెట్టు నీడన కూర్చున్నప్పుడు ఒక యువకుడు వచ్చి పలకరించాడు. అతనికి ప్రదర్శనశాలతో ఏ సంబంధమూ లేదు, అక్కడి సిబ్బందిలో ఎవరూ మాకు ఏదీ అమ్మజూపలేదు. ఈ మాట స్పష్టంగా చెప్పడం నా బాధ్యత. "లోపల అద్దాల్లో పెట్టిండేది చూస్తిరి గదా సార్, చేత్తో పట్టుకోని చూడాల్నంటే నా ఎంబడి రాండి" అన్నాడు. వెళ్లాము.

దుకాణం ముందు భాగంలో ఇత్తడి దీపాలు, చెక్క బొమ్మలు ఉన్నాయి. కత్తిని వెనుక గదిలోంచి, జరీ ఊడిపోయిన పాత పట్టుచీర ముక్కలో చుట్టి, రెండు చేతులా పట్టుకుని తెచ్చారు. మూడడుగుల పొడవు, కొద్దిగా వంపు తిరిగిన అలుగు (పిడి కాక మిగిలిన పదును భాగం), పిడి చివర చిన్న పళ్లెంలాంటి గుండ్రటి బిళ్ల, అలుగు మీద నీటి అలల్లాంటి చారలు, పిడికి దగ్గరగా "శ్రీ కృష్ణదేవరాయ" అన్న అక్షరాలు. తమ జేజబ్బకు కోటలో కొలువు చేసినవాళ్లు ఇచ్చారనీ, మూడు తరాలుగా అటక మీదే ఉందనీ, రాయలు చంద్రగిరిని రాజధానిగా చేసుకుని ఏలిన రోజుల నాటిదనీ దుకాణదారు చెప్పాడు. అలుగును బొటనవేలితో రుద్ది చూశాను. తుప్పు తడి ఇటుక పొడిలా వేలికి అంటుకుంది. అదే పాతదనానికి రుజువని అప్పుడు అనుకున్నాను. నిజానికి అది కొత్తదనానికి రుజువు. తరాల తరబడి పట్టిన తుప్పు ముదురు గోధుమ రంగుకో నలుపుకో తిరిగి, ఇనుముతో కలిసిపోయినట్టు గట్టిగా ఉంటుంది, గోటితో గీకినా తేలిగ్గా రాలదు. ఉప్పునీళ్లో యాసిడ్డో పోసి నాలుగు రోజుల్లో పట్టించిన తుప్పు మాత్రం ఎర్రగా, పొడిపొడిగా వేలికి వస్తుంది.

మొదట 65,000 అడిగి, పూజ కోసమన్నాను కనుక తగ్గిస్తున్నానంటూ 38,000కు దిగాడు. డబ్బు యూపీఐలో పంపాను. చేతికిచ్చిన బిల్లులో "ఇనుప అలంకరణ వస్తువు – 1" అని మాత్రమే ఉంది. ఇదేమిటని అడిగితే, "టాక్సు కోసం అట్లనే రాస్తాం సార్, మీరు దాన్ని పట్టించుకోబాకండి" అన్నాడు. నోటితో ఐదువందల ఏళ్ల ఆయుధమని చెప్పి, కాగితం మీద అలంకరణ వస్తువని రాయడమే ఈ మోసానికంతటికీ ఇరుసు. దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కాలం, లోహం, ఎక్కడి నుంచి వచ్చింది అన్న మూడూ బిల్లు మీద రాసి సంతకం పెట్టమంటే వెనకాడేవాడి దగ్గర ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు.

నాకు అనుమానం వచ్చింది మూడు వారాల తర్వాత, చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియంలో. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో తంజావూరు కోట ఆయుధాగారం నుంచి వచ్చిన ఆయుధాలు ఉన్నాయి. దక్షిణాది ఆయుధాలు చూడాలనుకునేవారు కొనడానికి ముందే అక్కడికి వెళ్లాలి. నేను కొన్న తర్వాత వెళ్లాను. అక్కడి కటారులకు పిడిని పట్టుకున్న వేళ్లను కప్పేలా ముందు వైపు గుల్లలాంటి రేకు ఉంటుంది, కొన్నింటి మీద యాళి (గుడి స్తంభాల మీద కనిపించే సింహంలాంటి కల్పిత జంతువు) ముఖం చెక్కి ఉంటుంది. కొన్నింటి అలుగులు ఐరోపా నుంచి ఓడల్లో వచ్చినవి, పిడి మాత్రం ఇక్కడి పనివాళ్లు చేసినది. అలాంటి పరదేశీ అలుగు తొడిగిన కత్తినే ఫిరంగి అనేవారు. ఒక్కొక్కటీ చూస్తూ పోతుంటే, నా కత్తి పిడిలాంటిది దక్షిణాది పనితనంగా రాసిన వాటిలో ఎక్కడా కనబడలేదు. పళ్లెం బిళ్ల ఉన్న ఆ పిడి మొఘలుల కాలంలో ఉత్తరాదిన బాగా వ్యాపించిన తల్వారు అనే వంపు కత్తిది. మొఘల్ రాజ్యానికి పునాది వేసిన బాబరు పానిపట్టులో గెలిచింది 1526లో. కృష్ణదేవరాయలు రాజ్యం చేసింది 1509 నుంచి 1529 వరకు. రాయల ఆయుధానికి ఆ పిడి ఎలా వచ్చిందని అక్కడే నిలబడి ఆలోచించాను.

ఆ తర్వాత దుకాణదారు కథ కూడా ఒక్కొక్క పోగుగా విడిపోయింది. రాయల రాజధాని హంపీ దగ్గరి విజయనగరం. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్న తర్వాత అరవీటి వంశంవారు పెనుకొండకు తరలివెళ్లారు, 1586 నుంచి 1614 దాకా ఏలిన వేంకటపతిరాయల కాలంలో చంద్రగిరి రాజధాని అయింది. ఇక అలుగు మీది అక్షరాలు చూస్తే, అవి ఈనాటి పాఠ్యపుస్తకాల్లో అచ్చువేసిన గుండ్రటి తెలుగు అక్షరాలు, తలకట్లతో సహా. పదహారో శతాబ్దపు శాసనాల్లోని లిపి తెలుగు చదివేవాళ్లకు కూడా ఒక పట్టాన అందదు. తిరుమల శాసనాల ఛాయాచిత్రం ఒక్కటి చూసి ఉన్నా ఈ తేడా నాకు దుకాణంలోనే తెలిసేది.

చిత్తూరుకు వచ్చి, మాకు చాలాకాలంగా తెలిసిన ఒక కమ్మరి దగ్గరికి కత్తిని తీసుకెళ్లాను. ఆయన అలుగు కొసను తిరిగే గ్రైండింగు రాయికి ఒక్క క్షణం ఆనించాడు. నిప్పురవ్వలు పొడుగాటి గీతల్లా సాగి ఆరిపోయాయి. పక్కనే ఉన్న పాత ఆకురాయిని అలాగే ఆనిస్తే రవ్వలు మతాబులా చిట్లి పువ్వులు పూశాయి. కర్బనం ఎక్కువున్న ఉక్కు అలా చిట్లుతుందనీ, నా కత్తిది లారీ కమాను పట్టీ కూడా కాదనీ, ఉత్త ఎమ్మెస్ ఫ్లాటనీ ఆయన చెప్పాడు. తర్వాత నా అనుమతితో పిడిని వేడిచేశాడు. పాత తల్వారు పిడిలోకి అలుగు తోకను దించి లక్కలాంటి జిగురు పోసి బిగించేవారు, వేడి తగిలితే అది మెత్తబడి పిడి ఊడివస్తుంది. నా పిడిలోంచి వచ్చింది నీళ్ల పైపుల లీకులకు పెట్టే ఎం-సీల్ లాంటి పదార్థం. ముద్దగా మాడి, ప్లాస్టిక్ కాలిన వాసన వేసింది. ఆ ముద్ద మీద దాన్ని నొక్కినవాడి వేలిముద్ర ఇంకా అలాగే ఉంది. నాకు ఎక్కువ బాధ కలిగింది అది చూసినప్పుడే.

అలల చారల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పడిపోయేది వాటికే. మన ఉక్కు ఒకప్పుడు ప్రపంచమంతా పేరు మోసింది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ముద్దలు పశ్చిమాసియా దాకా వెళ్లేవి, వాటితోనే డమాస్కస్ కత్తులు చేసేవారని చరిత్రకారులు రాశారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని పిలిచిన "వూట్జ్" అన్న పేరు కూడా మన "ఉక్కు" మాట నుంచే పుట్టిందని భావిస్తారు. ఆ ఉక్కులో చారలు పైన గీసినవి కావు, లోహం చల్లారే తీరులోనూ సాగగొట్టే తీరులోనూ లోపలే ఏర్పడినవి. పైపొర అరిగినా, తగిన ద్రావకం పూస్తే మళ్లీ కనిపిస్తాయి. నా కత్తి మీదివి యాసిడ్‌తో గీసిన బొమ్మ మాత్రమే. కమ్మరి గరుకు కాగితంతో అంగుళం మేర రుద్దగానే చెరిగిపోయాయి, ఎంత చేసినా తిరిగి రాలేదు. అయితే ఈ పరీక్షలు నకిలీ అని దాదాపు తేలిపోయిన వస్తువు మీద చేసినవి. నిజంగా పాతదయ్యే అవకాశం ఉన్న దేని మీదా గరుకు కాగితం, రాయి, మంట పెట్టవద్దని వేడుకుంటున్నాను. అలా పోగొట్టుకున్న పైపొర తిరిగి రాదు.

చట్టం ముందే తెలిసి ఉంటే నేను అసలు ఆ వెనుక గదిలో కూర్చునేవాణ్నే కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు, దానితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. దుకాణదారు మాత్రం, మా మేనల్లుడు త్వరలో అమెరికా వెళ్తున్నాడని తెలిసి, విమానాశ్రయంలో చూపడానికి కాగితం కూడా తానే ఇస్తానన్నాడు. నిజమైన పాత కత్తి అయితే అలా తీసుకెళ్లడం కుదరదు. తీసుకెళ్లవచ్చంటే అది పాతది కాదు. ఆ ఒక్క మాటలోనే అబద్ధం బయటపడింది, నేను పట్టుకోలేకపోయాను. ఇంకొక సంగతి, అలుగు తొమ్మిది అంగుళాలు మించిన కత్తులు ఆయుధాల నిబంధనల పరిధిలోకి వస్తాయి, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో వాటికీ లైసెన్సు కావాలి. ఇంట్లో పెట్టుకునే ముందు మీ పోలీసు స్టేషనులో కనుక్కోవడం మంచిది.

డబ్బు తిరిగి ఇమ్మని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపితే, బిల్లులో అలంకరణ వస్తువనే ఉంది కదా అని జవాబు వచ్చింది. వాళ్లు మరిచిపోయినది ఒకటి ఉంది. బేరం సాగుతున్నప్పుడు దుకాణదారు మా మేనల్లుడికి వాట్సాప్‌లో కత్తి ఫోటో పంపి, కింద "రాయల కాలం ఒరిజినల్" అని రాశాడు. ఆ సందేశాన్ని, చెల్లింపు వివరాలను జతచేసి చిత్తూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేశాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొనుగోలుదారు తాను నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా దాఖలు చేయాలో తెలుగులోనే చెప్పారు.

ఇదే కథ విని ఇలాంటి కత్తి కొన్నవారు ఎవరైనా ఉంటే, బిల్లు మీద ఏం రాసి ఉన్నా నిరాశపడకుండా, మీకు వచ్చిన సందేశాలు, ఫోటోలు, చెల్లింపు వివరాలు తొలగించకుండా ఉంచుకుని ఫిర్యాదు చేయండి. ఊడదీసిన అలుగు, పిడి, వేలిముద్ర ఉన్న ఆ మాడిన ముద్ద, మూడింటినీ నేను ఒక అట్టపెట్టెలో పెట్టి సీలు వేయించి, వచ్చే వాయిదాకు తీసుకువెళ్లడానికి సిద్ధంగా ఉంచాను.