49వ వీధిలో జాగారం, 8హెచ్‌లో పాట

న్యూయార్క్ వెళ్తున్నామని ఎవరైనా చెబితే నేను ముందుగా చెప్పేది ఒకటే. శనివారం రాత్రి రాక్‌ఫెల్లర్ ప్లాజా ఎనిమిదో అంతస్తులో, సాటర్డే నైట్ లైవ్ అనే టీవీ కామెడీ షో జరిగే 8హెచ్ స్టూడియోలోకి అడుగు పెట్టే అవకాశం దొరికితే, మిగతా ప్రోగ్రాములన్నీ పక్కన పెట్టేయండి. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెబుతాను. ఆ చుట్టుపక్కల హోటల్ బుక్ చేసేముందు బిల్లులో ‘ఫెసిలిటీ ఫీజు’ అన్న లైను ఎక్కడుందో వెతకండి. మొదటిదానికి మాకు ఒక్క డాలరు కూడా ఖర్చు కాలేదు. రెండోదాని గురించి తలుచుకుంటే మా ఆవిడకి ఇప్పటికీ కోపం వస్తుంది.

మేముండేది డల్లాస్ దగ్గర. మా అబ్బాయికి పదిహేడేళ్లు, గిటారు వాయిస్తాడు. సాటర్డే నైట్ లైవ్‌కి 50వ సీజన్ నడుస్తోందని, ఒక్కసారైనా ఆ స్టూడియోలో కూర్చుని వినాలని వాడు పట్టుబట్టాడు. జబర్దస్త్ చూసేవాళ్లకి స్కిట్ల పద్ధతి కొత్తేమీ కాదు. అయితే ఇది 1975 అక్టోబరు 11న మొదలై, శనివారం రాత్రి పదకొండున్నరకి లైవ్‌లో వస్తోంది. మామూలుగా ప్రతి ఎపిసోడ్‌లో ఒక సంగీత బృందం వచ్చి రెండు పాటలు పాడుతుంది. మా వాడికి కావలసింది ఆ రెండు పాటలే. నిజానికి నాకూ అంతే. కాలేజీ రోజుల్లో తెనాలి చుట్టుపక్కల పెళ్లిళ్లకి ఆర్కెస్ట్రాలో ట్రంపెట్ వాయించినవాణ్ణి, లైవ్ బ్యాండ్ అంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

టికెట్ పద్ధతి చెబుతాను, చాలామందికి తెలియదు. ఆగస్టు నెలలో ఒక ఈమెయిల్ పంపితే లాటరీలో రావచ్చు, రాకపోవచ్చు. అది కాకపోతే స్టాండ్‌బై లైను, అంటే మిగిలిన సీట్ల కోసం నిలబడే వరుస. ఆ వారం గురువారం ఉదయం పదింటికి ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ తెరుస్తారు. రాత్రి ఎనిమిదింటికి లైవ్‌కి ముందు ప్రేక్షకుల ఎదుటే వేసే డ్రెస్ రిహార్సల్ కావాలో, పదకొండున్నర లైవ్ కావాలో అప్పుడే చెప్పాలి, రెండూ కుదరవు. నంబరు వస్తే శుక్రవారం సాయంత్రం 49వ వీధిలో వరుసలో నిలబడాలి. పదహారేళ్లు నిండనివాళ్లని రానివ్వరు. ఆ వరుసలో ఇచ్చే స్టాండ్‌బై కార్డు చేతికొచ్చినా లోపలికి పంపుతారన్న గ్యారంటీ లేదు. ఇంతా చేసి టికెట్ ఉచితం. మా బావమరిదికి తెలిసినాయన ఒకరు, ‘మనిషికి 400 డాలర్లిస్తే సీటు ఖాయం’ అని ఫోన్లో ఊదరగొట్టాడు. ఉచితంగా ఇచ్చే టికెట్‌ని ఎవరైనా అమ్ముతున్నారంటే అది మోసమే. ఫోన్ పెట్టేయండి.

హోటల్ సంగతి. మా బావమరిది జెర్సీ సిటీలో ఉంటాడు కానీ, అతని అత్తమామలు హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నారు, ఇంట్లో చోటు లేదు. రాత్రంతా వీధిలో ఉండాల్సి రావచ్చు, దగ్గర్లో గది ఉంటే వంతులవారీగా వెళ్లి నడుం వాల్చొచ్చని 8వ అవెన్యూ వైపు ఒకటి తీసుకున్నాం. వెతికినప్పుడు కనిపించిన రేటు రాత్రికి 189 డాలర్లు. కౌంటర్లో చెప్పింది 266 డాలర్ల 28 సెంట్లు. న్యూయార్క్‌లో గదిమీద 14.75 శాతం పన్ను, పైన రాత్రికి మూడున్నర డాలర్లు ఉంటుందని నాకు తెలుసు, దానికి సిద్ధపడే వెళ్లాను. మిగతాదంతా రోజుకు 40 డాలర్ల ఫెసిలిటీ ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ పన్ను!

ఆ నలభైకీ ఏమిస్తారని మా ఆవిడ అడిగింది. వైఫై, జిమ్, రోజుకు రెండు నీళ్ల సీసాలు అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ‘మాకు జిమ్ వద్దు బాబూ, నీళ్లు మేం కొనుక్కుంటాం, అది తీసెయ్’ అందావిడ మర్యాదగానే. ‘అది అందరికీ తప్పనిసరి’ అన్నాడు, తల ఎత్తకుండానే. బుకింగ్ పేజీ ప్రింటు చూపిస్తే వేలితో అడుగున ఒక లైను చూపించాడు. అంత సన్న అక్షరాలు చదవడానికి నేను కళ్లజోడు తీసి కాగితం ముక్కు దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. ‘మీరు ఒప్పుకున్నట్టే కదా’ అన్నాడు.

ఇక గది. తలుపు తీస్తే మంచం అంచుకి కొట్టుకుంటుంది. కిటికీ తెర జరిపితే ఎదురుగా చెయ్యి చాపినంత దూరంలో ఇటుక గోడ. హీటరు నిమిషానికోసారి దడదడమంటూ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఫోన్ చేసి చెబితే ‘సోమవారం మెకానిక్ వస్తాడు’ అన్నారు. అన్నిటికన్నా నన్ను మండించింది ఖాళీ చేసే రోజు. విమానానికి టైముంది కదా అని పెట్టెలు ఓ నాలుగు గంటలు ఉంచమంటే పెట్టెకి ఐదు డాలర్లు అడిగారు. మరి నలభై డాలర్ల ఫెసిలిటీ ఏది? గట్టిగానే అడిగాను. ‘అది వేరే, ఇది వేరే’ అన్నారు. మా బావమరిది ‘బావా, వదిలెయ్, పెట్టెలు నా కారులో వేసుకుంటాను’ అని లాక్కెళ్లాడు. ఇరవై డాలర్లు పెద్ద లెక్క కాదు, కానీ ఒకే మనిషి జేబులో పదేపదే చెయ్యి పెట్టే పద్ధతి ఏం పద్ధతి?

శుక్రవారం సాయంత్రం 49వ వీధి. చలి కత్తిలా కోస్తోంది. మడత కుర్చీలు, దుప్పట్లు, జెర్సీ సిటీ నుంచి బావమరిది భార్య పంపిన పులిహోర డబ్బా. అతను మాత్రం మొదటి గంటలోనే నీరసపడ్డాడు, ‘కామెడీ షో కోసం రోడ్డుమీద కూర్చోవడమేంటి బావా, టీవీలో వస్తుంది కదా’ అని. మా ముందున్న దంపతులు ఎన్నో ఏళ్లుగా వస్తున్నారట. వాళ్లలో పెద్దాయనకి ఈ వేదికమీద జరిగిన పాటల గొడవలన్నీ నోటికొచ్చు. మా వాడూ తక్కువేం తినలేదు, ఈ షో వేసే ఎన్‌బీసీ చానల్లో జనవరిలో వచ్చిన, ఈ షో సంగీతం మీద తీసిన డాక్యుమెంటరీ చూసి వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆ చలిలో అలా చెప్పుకుంటూ పోతుంటే బావమరిది కూడా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

1977 డిసెంబరు 17న ఎల్విస్ కాస్టెల్లో అనే గాయకుడు ఒక పాట ఎత్తుకుని, కొన్ని సెకన్లకే బ్యాండుని ఆపేసి, ముందు అనుకోని ఇంకో పాట అందుకున్నాడు. మళ్లీ 1989 దాకా అతన్ని పిలవలేదు. 1981 ఫిబ్రవరి 14న ఫంకీ ఫోర్ ప్లస్ వన్ వచ్చినప్పుడు అమెరికా జాతీయ టీవీలో మొట్టమొదటిసారి ఒక హిప్‌హాప్ బృందం కనిపించింది. 2004లో యాష్లీ సింప్సన్ అనే గాయని రెండో పాటకి, ముందే రికార్డు చేసిన తప్పు ట్రాకు మోగింది, మైకు నోటి దగ్గర లేకుండానే గొంతు వినిపించింది. లైవ్ కాబట్టి దేశమంతా చూసింది. 2001 సెప్టెంబరు 29న, జంట టవర్లు కూలిన కొద్ది రోజులకే, అగ్నిమాపక సిబ్బంది నిలబడి ఉండగా గాయకుడు పాల్ సైమన్ పాడాడు. ఇది చెప్పేటప్పుడు ఆ పెద్దాయన కాసేపు ఆగాడు.

డ్రెస్ రిహార్సల్ మేలా, లైవ్ మేలా అన్న వాదన కూడా అక్కడే నడిచింది. దానికి ఐర్లండు గాయని షినేడ్ ఓ కానర్ సంగతే సాక్ష్యం. 1992 అక్టోబరు 3న రిహార్సల్లో పాట చివర ఒక బిడ్డ ఫొటో చూపించింది. లైవ్‌లో అదే చోట పోప్ ఫొటో తీసి చింపేసింది. చరిత్ర చూడాలంటే లైవ్, పాట వినాలంటే రిహార్సల్ అని పెద్దాయన తేల్చేశాడు. నేను ఆయన పక్షమే, మేం తీసుకున్నదీ రిహార్సలే. రిహార్సల్లో స్కిట్లు ఎక్కువ ఉంటాయి, తర్వాత కొన్ని కోసేస్తారు. పాటలు రెండూ ఎలాగూ ఉంటాయి. పైగా పదిన్నరకల్లా బయటపడి ఆకలి తీర్చుకోవచ్చు.

కార్డు చేతికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. గదికి వెళ్లి పడుకున్నాం, హీటరు పడుకోనివ్వలేదు.

శనివారం రాత్రి వరుస కదిలి, తనిఖీలు అయి, ఎనిమిదో అంతస్తుకి వెళ్లేదాకా టెన్షనే. మా వెనక పదిమంది తర్వాత ఆపేశారు. ఫోన్లు ఆఫ్ చేయించారు. లోపలికి అడుగు పెట్టగానే మా ఆవిడ ‘ఇంత చిన్నదా!’ అంది. టీవీలో ఎంతో పెద్దగా కనిపించే స్టూడియో అది. 1933లో రేడియో కోసం కట్టారు, అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద రేడియో స్టూడియో. 1937 నుంచి 1950 దాకా కండక్టర్ టోస్కనీని ఎన్‌బీసీ సింఫనీ ఆర్కెస్ట్రాని నడిపించింది ఇక్కడే. ఈ గదిలో శబ్దం పొడిపొడిగా ఉంటుందని, సాగదని ఆ రోజుల్లో సంగీతం తెలిసినవాళ్లు సణిగేవారట. వయొలిన్లకి అది లోపమేమో గానీ డ్రమ్స్‌కి వరం. కొట్టిన దెబ్బ కొట్టినచోటే తెగుతుంది.

మా సీట్లు బాల్కనీలో ఒక పక్కకి. స్కిట్లలో సగం కెమెరా క్రేను వెనక పోయాయి, వాటిని మానిటర్లలో చూశాం. స్కిట్లు కొన్ని నవ్వించాయి, కొన్ని లేదు. కానీ స్కిట్టుకీ స్కిట్టుకీ మధ్య జరిగేది టీవీలో ఎవరికీ కనిపించదు. ప్రకటనలు పడే ఆ రెండు మూడు నిమిషాల్లో కింద వడ్రంగులు గోడలకి గోడలే తోసుకెళ్తుంటారు. వంటగది పోయి ఆఫీసు వస్తుంది. నటులు మేకప్ వాళ్లతో పరుగెడుతుంటారు. ఆ గందరగోళం మొత్తం మీద షో బ్యాండ్ ఆపకుండా వాయిస్తూనే ఉంటుంది. మా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో మాస్టారు ‘గ్యాప్ వస్తే జనం లేచిపోతార్రా’ అని మమ్మల్ని ఎలా తరిమేవారో, ఇక్కడ పని అదే. కాకపోతే వాయించేవాళ్లు ఆ స్థాయి వాళ్లు. ఈ బ్యాండ్‌కి మొదటి సంగీత దర్శకుడు హోవర్డ్ షోర్, తర్వాతి కాలంలో హాలీవుడ్‌లో ఆస్కార్లు అందుకున్నాయన. ఇప్పుడు ముందు నిలబడేది లెనీ పికెట్, 1985 నుంచి ఈ బ్యాండ్‌లో ఉన్నాడు.

ఆయన టెనర్ శాక్సఫోన్ గురించి చెప్పాలి. టెనర్ అంటే బరువైన గొంతు. ఆయన దాన్ని పైకి, ఇంకా పైకి తీసుకెళ్లి, ఆ వాయిద్యానికి ఉండాల్సిన హద్దు దాటాక కూడా స్వరం పగలకుండా నిలబెడతాడు. నేను ఊదుడు వాయిద్యం వాయించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అక్కడ ఊపిరి కన్నా పెదవి పట్టు ముఖ్యం, ఒక్క వెంట్రుకవాసి జారితే కీచుమంటుంది. ఒక విరామంలో బ్లూస్ ఎత్తుకుని ఆయన పైస్థాయిలో ఒకే స్వరం పట్టి ఉంచితే, కింద గోడ తోస్తున్న మనిషి కూడా ఒక చేత్తో తాళం వేయడం చూశాను. మా ఆవిడ అప్పటిదాకా హోటల్ బిల్లు గురించే గొణుగుతోంది. ఆ స్వరం ఆగాక ‘ఏమండీ, ఈయన ఇంకోటి వాయిస్తాడా?’ అని అడిగింది.

ఆ వారం వచ్చిన బృందం మా అబ్బాయికి బాగా తెలుసు, నాకు కొత్త. మొదటి పాట మామూలుగా వెళ్లింది. రెండో పాటకి ముందు స్కిట్ జరుగుతుండగానే, చీకట్లో ఆ వేదికమీద డ్రమ్మరు స్నేర్ డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి కూర్చోవడం కనిపించింది, చప్పుడు రాకుండా. దీపాలు వెలగగానే ఆ చెయ్యి తీశాడు. తర్వాత మూడు నిమిషాలు నా ఛాతీలో డ్రమ్ము మోగింది. అదే పాట ఆ రాత్రి టీవీలో మళ్లీ చూశాం, ఆ గదిలోని దెబ్బలో పదో వంతు కూడా స్పీకర్లో లేదు. అందుకే అంటున్నాను, సోఫాలో కూర్చుని ‘టీవీలో వస్తుంది కదా’ అనకండి.

బయటికొచ్చి 6వ అవెన్యూ మూల బండి దగ్గర చికెన్ రైస్ తిన్నాం, అప్పుడు ప్లేటు పది డాలర్లు, ఇద్దరికి ఒకటి సరిపోతుంది. ఆదివారం డకోటా భవనం, సెంట్రల్ పార్కు చూశాం, సాఫీగా గడిచిపోయింది.

మళ్లీ వెళ్తే మాత్రం బస జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్ దగ్గరే. మా బావమరిది అక్కడ చూపించిన చిన్న లాడ్జి అప్పుడు అన్నీ కలుపుకుని రాత్రికి 168 డాలర్లు. గది మధ్యలో పెట్టె తెరుచుకునే చోటుంది, పెట్టెలు ఉంచడానికి డబ్బడగరట. నడిచి వెళ్తే న్యూఆర్క్ అవెన్యూలో దోసె, ఇడ్లీ దొరుకుతాయి. అక్కణ్ణుంచి న్యూయార్క్‌లోకి వచ్చే పాత్ రైలు టికెట్ అప్పుడు 3 డాలర్లు, 33వ వీధిలో దిగి సబ్‌వేలో ఎఫ్ రైలు గానీ డి రైలు గానీ ఎక్కితే అప్పట్లో 2 డాలర్ల 90 సెంట్లు. రెండు టికెట్లూ వేరువేరు, ఒకదానిమీద ఇంకోటి చెల్లదు. మేం వెళ్లినప్పుడు శని, ఆదివారాల్లో పాత్ హోబోకెన్ చుట్టి వచ్చేది, కాస్త ముందే బయల్దేరాల్సి వచ్చేది.

హోటల్ వాళ్లకి ఇంటికొచ్చాక రెండుసార్లు రాశాను, జవాబు లేదు. 2025 మే 12 నుంచి అమెరికాలో హోటళ్లు ఇలాంటి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన రేటే మొదట చూపించాలని ఫెడరల్ నిబంధన వచ్చింది. మేం వెళ్లింది దానికి ముందు. ఇప్పుడు ఎవరైనా మీకు కౌంటర్లో కొత్తగా ఫీజు చెబితే, ఆ తేదీ చెప్పి అడగండి, బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి దగ్గర పెట్టుకోండి.