గ్రిడ్ వరుసల్లోని చెక్‌బాక్సులు: గ్రిడ్‌వ్యూ నుంచి ఈవెంట్ డెలిగేషన్ దాకా, దీర్ఘకాలం వాడిన తరువాత నా సమీక్ష

డేటా గ్రిడ్‌లో వరుసకొక చెక్‌బాక్స్ పెట్టి, వాడుకరి టిక్ పెట్టగానే ఆ వరుసకు సంబంధించిన పని జరిగేలా చేయడం పైకి చిన్న అవసరంగానే కనిపిస్తుంది. ఆమోదించవలసిన దరఖాస్తులు, తొలగించవలసిన ఫైళ్లు, పంపవలసిన ఆర్డర్లు, ఏదో ఒక జాబితా రూపంలో ఇలాంటి తెర దాదాపు ప్రతి కార్యాలయ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. ఈ పనిని నేను కొన్నేళ్లపాటు మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్‌లోని గ్రిడ్‌వ్యూతో (డేటాను పట్టికగా చూపే సిద్ధమైన కంట్రోల్) సర్వర్ వైపునా, ఆ తరువాత మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ పట్టిక మీద జావాస్క్రిప్ట్ ఈవెంట్ డెలిగేషన్‌తో (వరుసకొకటి కాకుండా పట్టికంతటికీ ఒకే కోడ్ తగిలించే పద్ధతి) బ్రౌజర్ వైపునా చేస్తూ వచ్చాను. ఈవెంట్‌ను, అంటే టిక్ మారిందన్న సంకేతాన్ని, పట్టుకోవడం రెండింటిలోనూ తేలికే. ఆ టిక్ ఏ రికార్డుకు చెందుతుంది, దాని స్థితిని ఎక్కడ దాచాలి అనే రెండు ప్రశ్నల దగ్గరే ఈ పద్ధతుల మంచిచెడ్డలు బయటపడతాయి కనుక, వాటినే కొలమానంగా పెట్టుకుని రాస్తున్నాను.

గ్రిడ్‌వ్యూ 2005లో డాట్ నెట్ 2.0తో వచ్చింది. అందులో చెక్‌బాక్స్‌ఫీల్డ్ అనే సిద్ధమైన కాలమ్ ఉంది గాని, వరుస ఎడిట్ స్థితిలో ఉంటే తప్ప అది వాడుకరికి లొంగదు. మిగిలిన సమయమంతా మసకగా, నొక్కినా కదలకుండా ఉంటుంది. అందుచేత టెంప్లేట్‌ఫీల్డ్‌లో (మనకు కావలసిన కంట్రోల్ పెట్టుకోగల కాలమ్) మామూలు చెక్‌బాక్స్ కంట్రోల్‌ను ఉంచి, మార్పు జరగగానే పేజీని సర్వర్‌కు పంపే ఆటోపోస్ట్‌బ్యాక్‌ను ట్రూ చేసి, చెక్డ్‌ఛేంజ్డ్ ఈవెంట్‌కు హ్యాండ్లర్ (ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే కోడ్) రాయడమే దారి. బటన్ల కోసం గ్రిడ్ ఇచ్చే రో కమాండ్ ఈవెంట్ ఇక్కడ పనికిరాదు. బటన్, లింక్‌బటన్ వంటివి తమ కమాండ్ పేరును గ్రిడ్‌కు చేరవేస్తాయి, చెక్‌బాక్స్‌కు అసలు కమాండ్ పేరే ఉండదు. ఈ సంగతి తెలియక రో కమాండ్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టుకుని ఎదురుచూసే కొత్తవారిని ఇప్పటికీ చూస్తుంటాను.

హ్యాండ్లర్‌లోకి వచ్చాక వరుసను కనుక్కోవడం గ్రిడ్‌వ్యూలో నాకు బాగా నచ్చిన భాగం. ఈవెంట్ పంపిన కంట్రోల్‌ను చెక్‌బాక్స్‌గా మార్చుకుని, దాని నేమింగ్‌కంటైనర్‌ను (లోపలి కంట్రోళ్ల పేర్లకు హద్దుగా ఉండే పై కంట్రోల్) అడిగితే నేరుగా గ్రిడ్‌వ్యూ వరుస చేతికి వస్తుంది. ఆ వరుస సూచికతో డేటాకీస్ అనే జాబితాలోకి వెళితే రికార్డు కీ, అంటే ఆ రికార్డును గుర్తించే విలువ, దొరుకుతుంది. పేరెంట్‌కు పేరెంట్ అంటూ మెట్లెక్కే కోడ్, ఎవరైనా టెంప్లేట్‌లో చెక్‌బాక్స్ చుట్టూ ఒక ప్యానెల్ చేర్చిన రోజున విరిగిపోతుంది. నేమింగ్‌కంటైనర్‌కు ఆ భయం లేదు, ఎందుకంటే ప్యానెల్ నేమింగ్ కంటైనర్ కాదు. కీని కనిపించని బౌండ్‌ఫీల్డ్‌లో (డేటాను టెక్స్ట్‌గా చూపే కాలమ్) దాచి సెల్ టెక్స్ట్ నుంచి చదవాలనుకునే పద్ధతీ ఒకటి ప్రచారంలో ఉంది. విజిబుల్‌ను ఫాల్స్ చేసిన కాలమ్‌లో ఆ టెక్స్ట్ ఖాళీగా వస్తుంది కనుక అది నిలబడదు. డేటాకీనేమ్స్‌లో కాలమ్ పేరు ఒక్కసారి రాసిపెడితే ఈ తిప్పలేవీ ఉండవు. పైగా ఆ విలువలు పేజీలో దాగి ప్రయాణించినా, మధ్యలో ఎవరైనా మారిస్తే సర్వర్ గుర్తుపట్టి తిరస్కరిస్తుంది. ఈ రక్షణ విలువ నాకు బ్రౌజర్ వైపు పద్ధతికి మారిన తరువాతే బాగా తెలిసింది.

ఇక ఇబ్బంది పెట్టే భాగం పేజీ జీవనక్రమం, అంటే ప్రతి అభ్యర్థనకూ సర్వర్ పేజీని మళ్లీ కట్టే దశల వరుస. పేజ్ లోడ్‌లో ఇది పోస్ట్‌బ్యాకా (అదే పేజీ తిరిగి సర్వర్‌కు వచ్చిందా) కాదా అని చూడకుండా గ్రిడ్‌ను మళ్లీ బైండ్ చేస్తే, అంటే డేటాతో నింపితే, వాడుకరి పెట్టిన టిక్కును మోసుకొచ్చిన వరుసలు పోయి డేటాబేస్ నుంచి వచ్చిన కొత్త వరుసలు వాటి స్థానంలో నిలుస్తాయి. పాత చెక్‌బాక్స్ పేజీలో లేదు కనుక చెక్డ్‌ఛేంజ్డ్ హ్యాండ్లర్ నడవనే నడవదు; బటన్ హ్యాండ్లర్ అయితే చదివేది ఈ కొత్త వరుసలను. పేజీ తేలికపడుతుందని గ్రిడ్ వ్యూస్టేట్‌ను (పేజీలో దాగి ప్రయాణించే కంట్రోళ్ల స్థితి) ఆపేస్తే ఇంకో చిక్కు: కోడ్ ద్వారా బైండ్ చేసే గ్రిడ్ అయితే, ఈవెంట్ పుట్టవలసిన సమయానికి వరుసలే ఉండవు. చెక్డ్‌ఛేంజ్డ్ అంటేనే పాత స్థితికీ బ్రౌజర్ నుంచి వచ్చిన స్థితికీ మధ్య తేడా; ఆ పాత స్థితిని గుర్తుంచుకునేది వ్యూస్టేట్.

ప్రతి టిక్కుకూ పేజీ మొత్తం సర్వర్‌కు వెళ్లి రావడం వాడుకరికి విసుగు. పేజీలో ఒక భాగాన్నే తాజాపరిచే అప్‌డేట్‌ప్యానెల్ పెడితే తెర మెరవడం ఆగుతుంది, కాని వ్యూస్టేట్ అంతా వెళ్లడమూ, సర్వర్‌లో పేజీ జీవనక్రమమంతా నడవడమూ ఆగవు. ఇందులో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టవలసి వచ్చిన సంగతి ఒకటుంది. వాడుకరి వెంటవెంటనే రెండు వరుసలకు టిక్ పెడితే, రెండవ అభ్యర్థన బయలుదేరగానే మొదటి దాని జవాబును బ్రౌజర్ వదిలేస్తుంది. సర్వర్‌లో మొదటి పని అప్పటికే జరిగిపోయి ఉండవచ్చు. కాని బ్రౌజర్ దగ్గర పాత వ్యూస్టేటే మిగిలింది కనుక, రెండవ అభ్యర్థనలో రెండు చెక్‌బాక్సులూ మారినట్టే లెక్కకు వస్తాయి, మొదటి వరుసకు చెక్డ్‌ఛేంజ్డ్ మళ్లీ వస్తుంది. హ్యాండ్లర్‌లో ఉన్న విలువను తిరగేసే కోడ్ ఉంటే మొదటి వరుస తిరిగి పాత స్థితికి చేరిపోతుంది. ఫలానా కీకి ఫలానా విలువ అని నేరుగా రాసే కోడ్ అయితే ఎన్నిసార్లు నడిచినా ఫలితం మారదు. ఈ ఒక్క నియమం పాటిస్తే గ్రిడ్‌వ్యూ చెక్‌బాక్సులతో వచ్చే వింత ఫిర్యాదుల్లో చాలావాటికి విరుగుడు దొరుకుతుంది.

ఎక్కువ వరుసలకు ఒకేసారి టిక్ పెట్టే తెరల్లో ఆటోపోస్ట్‌బ్యాక్‌ను పూర్తిగా వదిలి, సేవ్ బటన్ నొక్కినప్పుడు గ్రిడ్ వరుసల మీదుగా లూప్ తిప్పడమే మేలని నా అభిప్రాయం. పేజింగ్ ఉంటే మాత్రం, పేజీ మారేముందు టిక్ ఉన్న వరుసల కీలను ఒక జాబితాలోకి తీసుకుని, రో డేటాబౌండ్‌లో (ప్రతి వరుస డేటాతో నిండినప్పుడు వచ్చే ఈవెంట్) ఆ టిక్కులను తిరిగి పెట్టే పని మనదే. గ్రిడ్ దాని గురించి పట్టించుకోదు.

బ్రౌజర్ వైపు పద్ధతికి వస్తే, పట్టిక టీబాడీ (వరుసలుండే భాగం) మీద ఛేంజ్ ఈవెంట్‌కు ఒకే ఒక హ్యాండ్లర్ ఉంచుతాను. ఛేంజ్ ఈవెంట్ పైకి బబుల్ అవుతుంది (లోపలి మూలకం నుంచి బయటి మూలకాలకు పాకుతుంది) కనుక ఏ వరుసలో టిక్ మారినా అది అక్కడికి చేరుతుంది. టార్గెట్ (ఈవెంట్ పుట్టిన మూలకం) నుంచి పైకి వెతికే క్లోజెస్ట్‌తో టీఆర్‌ను, అంటే వరుసను, పట్టుకుని, దాని మీద రాసిపెట్టిన డేటా ఐడీ చదివితే రికార్డు తెలిసిపోతుంది. తరువాత ఎన్ని వరుసలు చేర్చినా, వడపోసినా, క్రమం మార్చినా కొత్తగా హ్యాండ్లర్ తగిలించే పని ఉండదు. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడిన కాలంలో ఇదే పనికి మొదట లైవ్ అనే మెథడ్ ఉండేది; 2011లో 1.7తో ఆన్ అనే మెథడ్ వచ్చింది, 2013లో 1.9తో లైవ్‌ను తీసేశారు. ఇప్పుడు దేని సాయమూ లేకుండా బ్రౌజర్‌లోనే ఇదంతా సాఫీగా నడుస్తుంది.

క్లిక్ వాడాలా ఛేంజ్ వాడాలా అన్నది తరచుగా వచ్చే సందేహం. స్థితి మారినప్పుడు చేయవలసిన పనికి ఛేంజ్ చాలు. స్పేస్‌బార్‌తో టిక్ పెట్టినా అది వస్తుంది. అయితే షిఫ్ట్ పట్టుకుని ఒక వరుస నుంచి మరో వరుస దాకా ఎంచుకునే సౌకర్యం కావాలంటే క్లిక్ తప్పదు, ఎందుకంటే షిఫ్ట్ నొక్కి ఉందో లేదో ఛేంజ్ ఈవెంట్ చెప్పదు. క్లిక్ హ్యాండ్లర్ నడిచే సమయానికే చెక్‌బాక్స్ కొత్త స్థితిలోకి మారి ఉంటుంది, ప్రివెంట్ డిఫాల్ట్ (బ్రౌజర్ సహజంగా చేసే పనిని ఆపడం) చేస్తే తిరిగి పాత స్థితికి వెళుతుంది. లోపల తీసుకునే నిర్ణయాలు ఈ వరుసక్రమాన్ని బట్టి ఉండాలి.

వరుస మీద నొక్కితే వివరాల పేజీ తెరుచుకునే గ్రిడ్‌లో, చెక్‌బాక్స్ మీద పడిన క్లిక్ వరుస దాకా పాకి ఆ పేజీని తెరిచేస్తుంది. చెక్‌బాక్స్‌ను లేబుల్‌లో చుట్టి ఉంటే వరుసకు రెండు క్లిక్‌లు చేరతాయి: లేబుల్ మీద పడినది ఒకటి, దాని వల్ల చెక్‌బాక్స్ మీద బ్రౌజర్ పుట్టించినది మరొకటి. చాలామంది ఈవెంట్ పైకి పాకకుండా ఆపే స్టాప్ ప్రొపగేషన్‌తో దీన్ని ఆపుతారు గాని, క్లిక్ ఎక్కడో మధ్యలో మాయమైతే తెరిచి ఉన్న మెనూ మూసుకోకపోవడం వంటి దూరపు నష్టాలు మొదలవుతాయి. వరుస హ్యాండ్లరే క్లిక్ లేబుల్ నుంచో, ఇన్‌పుట్ నుంచో, లింకు నుంచో వచ్చిందా అని చూసుకుని తప్పుకోవడం నాకు మెరుగ్గా అనిపించింది.

శీర్షికలోని అన్నీ ఎంచుకునే చెక్‌బాక్స్ దగ్గర తెలుసుకోవలసినవి రెండున్నాయి. స్క్రిప్ట్ ద్వారా చెక్డ్ విలువ మారిస్తే ఛేంజ్ ఈవెంట్ రాదు, కనుక ఒక వరుసకు చేసే పనిని విడి ఫంక్షన్‌గా రాసి రెండు చోట్ల నుంచీ దాన్నే పిలవాలి. కొన్ని వరుసలు మాత్రమే ఎంచుకున్నప్పుడు చూపే మధ్యస్థితికి ఇన్‌డిటర్మినేట్ ఉంది గాని, దాన్ని హెచ్‌టీఎమ్‌ఎల్‌లో రాయలేము, స్క్రిప్ట్‌లోనే పెట్టాలి. అన్నీ అంటే ఈ పేజీలోనివా, వడపోతలో వచ్చిన ఫలితాలన్నీనా అన్నది తెర మీదే స్పష్టంగా రాయకపోతే వాడుకరులు చెరొక అర్థం తీసుకుంటారు.

వేల వరుసలున్న గ్రిడ్‌లో వర్చువల్ స్క్రోలింగ్ (తెర మీద కనిపించే వరుసలనే గీసే పద్ధతి) పెట్టిన తరువాత స్థితి ఎక్కడుండాలన్న ప్రశ్న తేలిపోతుంది. కిందికి జరిపిన కొద్దీ పైనున్న టీఆర్‌లనే తీసుకుని కొత్త రికార్డులతో నింపే గ్రిడ్లలో, టిక్ ఆ టీఆర్‌కే అంటుకుని ఉంటే, బస్సులో ఒకరు దిగిన సీటులో కూర్చున్నవారిని పాత ప్రయాణికుడి టికెట్టు అడిగినట్టు అవుతుంది. ఎంచుకున్న కీలను ఒక సెట్‌లో (ఏ విలువా రెండుసార్లు ఉండని సేకరణ) ఉంచి, వరుసను గీసే ప్రతిసారీ దాన్ని చూసి టిక్ పెట్టాలి. ఇక్కడ నన్ను చాలాసేపు ఆలోచింపజేసిన చిన్న వివరం ఒకటి చెబుతాను. డేటా ఐడీ నుంచి చదివిన విలువ ఎప్పుడూ స్ట్రింగే, అంటే అక్షరాల రూపమే. సర్వర్ పంపిన జేసన్‌లో (డేటాను పంపే టెక్స్ట్ రూపం) అదే ఐడీ తరచుగా సంఖ్య. సెట్ దృష్టిలో స్ట్రింగ్ 17, సంఖ్య 17 వేర్వేరు విలువలు. లోనికి తీసుకునేటప్పుడే అన్నిటినీ ఒకే రకంలోకి మార్చుకుంటే సరిపోతుంది.

సర్వర్‌కు పంపేటప్పుడు గ్రిడ్‌వ్యూ నేర్పిన నియమమే ఇక్కడా చెల్లుతుంది: తిరగేయమని కాకుండా కావలసిన విలువను పంపాలి. అభ్యర్థన విఫలమైతే టిక్కును పాత స్థితికి తెచ్చి కారణం చూపాలి. జవాబు వచ్చేదాకా చెక్‌బాక్స్‌ను డిసేబుల్ చేస్తే కీబోర్డుతో పనిచేసేవారి ఫోకస్ జారిపోవచ్చు కనుక, ఆ వరుస పని నడుస్తోందని వేరే గుర్తుతో చూపి, మధ్యలో వచ్చిన మార్పును క్యూలో నిలబెట్టడం మంచిది. డేటా ఐడీని బ్రౌజర్ పరికరాలతో ఎవరైనా మార్చగలరు. గ్రిడ్‌వ్యూ దానంతట అదే ఇచ్చిన రక్షణ ఇక్కడ లేదు. ఆ రికార్డును ముట్టుకునే హక్కు ఈ వాడుకరికి ఉందా అన్న తనిఖీ సర్వర్‌లో ప్రతి పిలుపుకూ జరగాలి. ఫైర్‌ఫాక్స్ పేజీని రీలోడ్ చేసినప్పుడు పాత టిక్కులను తిరిగి పెడుతుంది, ఇన్‌పుట్‌కు ఆటోకంప్లీట్‌ను ఆఫ్ చేస్తే అది ఆగుతుంది. స్క్రీన్ రీడర్ వాడేవారికి ప్రతి చెక్‌బాక్స్ ఏ రికార్డుదో తెలిసేలా ఏరియా లేబుల్‌లో (aria-label, స్క్రీన్ రీడర్ చదివి వినిపించే పేరు) రికార్డు పేరు చేర్చాలి. లేకపోతే వారికి వరుసగా ఒకే మాట వినిపిస్తూ ఉంటుంది.

కొత్త పనికైతే రెండవ పద్ధతినే ఎంచుకుంటాను. వెబ్ ఫారమ్స్‌లో నడుస్తున్న పాత అప్లికేషన్‌ను ఇందుకోసం తిరగరాయమని మాత్రం ఎవరికీ చెప్పను. అలాంటి చోట గ్రిడ్‌వ్యూను అలాగే ఉంచి, ఆటోపోస్ట్‌బ్యాక్ తీసేసి, టిక్కును జావాస్క్రిప్ట్ ద్వారా విడి సర్వర్ మెథడ్‌కు పంపే మిశ్రమ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. అప్పుడు డేటా ఐడీని రో డేటాబౌండ్‌లో వరుస అట్రిబ్యూట్‌గా చేర్చాలి. దాన్ని చెక్‌బాక్స్ అట్రిబ్యూట్స్‌కు చేరిస్తే అది ఇన్‌పుట్ మీద పడదు, దాని చుట్టూ ఏఎస్‌పీ డాట్ నెట్ గీసే స్పాన్ మీద పడుతుంది. చెక్‌బాక్స్ మీదే కావాలంటే ఇన్‌పుట్ అట్రిబ్యూట్స్ అనే విడి గుణాన్ని వాడాలి.