పాత వీసీఆర్‌కూ కొత్త టీవీకీ మధ్య ఒక డబ్బా: వాడి చూశాక నా మాట

మా కొత్త టీవీకి హెచ్‌డీఎంఐ (బొమ్మ, సౌండ్ రెండూ ఒకే కేబుల్లో వచ్చే డిజిటల్ పోర్టు) తప్ప పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు పెట్టే చోటే లేదు. మా నాయనేమో పెళ్లి క్యాసెట్లనూ వీసీఆర్‌నూ ఇంట్లోంచి కదలనివ్వడు. అందుకే ఆ మూడు రంగుల పిన్నుల్లో (ఏవీ) వచ్చే అనలాగ్ సిగ్నల్‌ను హెచ్‌డీఎంఐకి మార్చే ఏవీ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ తెచ్చాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ఐదొందల లోపే. రెండు మూడేళ్లుగా వాడుతున్నాం.

కొనేటప్పుడు డబ్బా మీది పేరు చదవండి. హెచ్‌డీఎంఐ టు ఏవీ అనేదీ అచ్చం ఇలాగే ఉంటుంది. గాంధీ రోడ్డులో ఒక షాపాయన అదే నా చేతిలో పెట్టి, "రెండు పక్కలా పనిచేస్తుందన్నా, తిప్పి పెట్టుకో" అన్నాడు. పనిచేయదు. ఒకటి అనలాగ్‌ను డిజిటల్‌గా మారుస్తుంది, రెండోది డిజిటల్‌ను అనలాగ్‌గా. వెనక్కి నడిపే పని దేనికీ చేతకాదు. మార్చి ఇచ్చాడు గానీ ముఖం మాడ్చుకున్నాడు.

ఇన్, అవుట్ అనే రాత ఏ పెట్టె మీద ఉంటే ఆ పెట్టెకే వర్తిస్తుంది. వీసీఆర్ అవుట్ నుంచి కన్వర్టర్ ఇన్‌కు, కన్వర్టర్ అవుట్ నుంచి టీవీకి. వీసీఆర్‌తో రికార్డింగూ చేసేవాళ్లు కదా, అందుకని దాని వెనక ఇన్, అవుట్ రెండూ ఒకే రంగుల్లో ఉంటాయి. మాదాంట్లో అక్షరాలు చెరిగిపోయి, సెల్‌ఫోన్ లైటు వేసి చూడాల్సి వచ్చింది. పైగా అది మోనో, ఆడియోకు ఒక్క తెల్ల పిన్నే. అలాగే పెడితే మంగళవాయిద్యాలు ఎడమ స్పీకర్లోనే మోగాయి. ఒకటిని రెండు చేసే వై కేబుల్‌తో ఆ బాధ తీరింది.

బొమ్మ మీద ఆశలు పెట్టుకోవద్దు. 720, 1080 అని బటన్ ఉంది, ఏది నొక్కినా క్యాసెట్లో లేని స్పష్టత రాదు. మనుషులు లావుగా కనిపిస్తే టీవీ సెట్టింగ్స్‌లో 4:3 (పాత టీవీల బొమ్మ కొలత) పెట్టండి. కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచే సరిపోతోంది.

ఇంకో సంగతి. టీవీ హెచ్‌డీఎంఐ పోర్టులన్నీ ఇన్‌పుట్‌లే, ఏఆర్‌సీ అని రాసినదాంట్లో మాత్రం సౌండ్ బయటికీ వస్తుంది. సౌండ్‌బార్ కొంటే దాన్ని అక్కడే పెట్టాలి. మా ఇంట్లో ఆ చోటులో సెట్‌టాప్ బాక్స్ ఉండేది. దాన్ని పక్క పోర్టుకు మార్చేసరికి, "నా ఎస్వీబీసీ ఏమైందిరా" అని అమ్మ టెన్షన్ పడింది. రిమోట్లో సోర్స్ బటన్ చూపించాక కుదుటపడింది.

ఈ మధ్య కన్వర్టర్ పసుపు సాకెట్ వదులైంది. కదిలితే బొమ్మ పోతోంది. క్యాసెట్లన్నీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించేదాకా నిలబడితే చాలు.