పక్క రూములో పీసీ ఆపాలి: షట్‌డౌన్ కమాండా, పవర్‌షెల్లా, ఎస్‌ఎస్‌హెచ్చా?

కుర్చీలోంచి లేవకుండా నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో పీసీని ఆపాలంటే మూడు దార్లున్నాయి, విండోస్‌లో ఎప్పట్నుంచో ఉన్న షట్‌డౌన్ కమాండ్, పవర్‌షెల్ (విండోస్‌లోనే ఉండే ఇంకో కమాండ్ విండో) వాళ్ల స్టాప్-కంప్యూటర్, లైనక్స్ అయితే ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీంచి అవతలి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే దారి). మూడూ నేను వాడతా, విండోస్ పీసీలకి మాత్రం నా ఓటు పాత షట్‌డౌన్‌కే. పొరపాటున కొట్టినా ఆపుకోడానికి టైముంటుంది.

షట్‌డౌన్ అని కొట్టి స్లాష్ ఎస్, ఆ తర్వాత స్లాష్ ఎం, రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి కంప్యూటర్ పేరు, స్లాష్ టి 120, చివర్లో స్లాష్ సి పెట్టి కోట్స్‌లో "సేవ్ చేసుకోండి, 2 నిమిషాల్లో ఆఫ్" అని ఇస్తే అవతలి స్క్రీన్ మీద ఆ మాట కనబడుతుంది, వాళ్లు ఫోన్ చేసి ఆగు బాబూ అంటే స్లాష్ ఎస్ బదులు స్లాష్ ఏ పెట్టి అదే పీసీకి కొడితే క్యాన్సిల్. స్లాష్ ఎం మర్చిపోయారంటే ఆరేది మీ పీసీయే, నాకైంది :) ఇంకో మెలిక, స్లాష్ టి కి సున్నా కంటే ఎక్కువ ఇస్తే స్లాష్ ఎఫ్ దానంతటదే వచ్చి చేరుతుంది, అంటే టైమయ్యాక సేవ్ చెయ్యని ఫైల్ ఉన్నా అడగకుండా మూసేస్తుంది. మెసేజ్ పెట్టకుండా ఒకసారి కొట్టి పక్కనాయన సగం టైప్ చేసిన షీటు పోగొట్టా, ఆ రోజు నుంచి స్లాష్ సి లేకుండా కొట్టను.

తలనొప్పంతా పర్మిషన్ల దగ్గరే. అవతలి పీసీలో అడ్మిన్ హక్కు ఉండాలి. డొమైన్‌లో (అందరి అకౌంట్లూ ఒకే సర్వర్ చూసుకునే ఆఫీసు నెట్‌వర్క్) అయితే గొడవ తక్కువ, వర్క్‌గ్రూప్‌లో (ఏ పీసీ అకౌంట్లు ఆ పీసీలోనే) రెండు పక్కలా ఒకే యూజర్ పేరు ఒకే పాస్‌వర్డ్ ఉన్నా యాక్సెస్ డినైడ్ 5 అంటుంది, ఎందుకంటే లోకల్ అడ్మిన్ నెట్‌వర్క్ మీంచి వస్తే యూఏసీ (అడ్మిన్ పనులకి విండోస్ పెట్టే కాపలా) వాడి పవర్ కత్తిరిస్తుంది. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే చోటు) లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీని 1 చేస్తే పని జరుగుతుంది గానీ అది సెక్యూరిటీకి కన్నం, అన్ని పీసీల్లో చెయ్యొద్దు. 53 ఎర్రర్ వస్తే అవతలి పీసీ దొరకలేదని, పేరో ఫైర్‌వాలో చూడండి.

పవర్‌షెల్ రాయడానికి బాగుంటుంది, పేర్లన్నీ కామాలతో ఇచ్చేయొచ్చు, క్రెడెన్షియల్ (యూజర్ పేరు, పాస్‌వర్డ్) విడిగా ఇవ్వొచ్చు, షట్‌డౌన్‌లో ఆ సౌకర్యం లేదు. కానీ టైమరూ లేదు, మెసేజూ లేదు, ఎంటర్ కొట్టాక వెనక్కి తీసుకోలేం. పైగా వెర్షన్ 7 లో ఇది విన్‌ఆర్‌ఎం (దూరం నుంచి పీసీని నడిపే విండోస్ సర్వీసు) మీద నడుస్తుంది, పోర్ట్ 5985, మామూలు డెస్క్‌టాప్‌లో అది మనమే ఆన్ చెయ్యాలి. రాత్రి ఎవరూ లేనప్పుడు ముప్పై పీసీలు ఒకేసారి ఆపాలంటే మటుకు ఇదే హాయి.

లైనక్స్‌కి ఆలోచించక్కర్లేదు, ఎస్‌ఎస్‌హెచ్ కీ (లాగిన్‌కి పాస్‌వర్డ్ బదులు వాడే ఫైల్) పెట్టుకుని, విసూడోలో (ఎవరు ఏ అడ్మిన్ కమాండ్ కొట్టొచ్చో రాసే చోటు) ఆ ఒక్క షట్‌డౌన్ కమాండ్‌కే పాస్‌వర్డ్ అడక్కుండా చేసుకుంటే చాలు. షట్‌డౌన్ పక్కన ప్లస్ 5 అంటే ఐదు నిమిషాలు, మైనస్ సి అంటే క్యాన్సిల్. నాలుగు టెర్మినళ్లు తెరిచి తప్పు దాంట్లో కొట్టే అలవాటుంటే డెబియన్‌లో మోలీ-గార్డ్ వేసుకోండి, ఆపే ముందు ఆ మెషీన్ పేరు టైప్ చెయ్యమంటుంది.

దూరంగా ఉన్న సర్వర్‌కి రీస్టార్ట్ ఇవ్వబోయి, అంటే స్లాష్ ఆర్ బదులు స్లాష్ ఎస్ కొట్టి టైమర్ కూడా దాటిపోతే ఈ మూడింట్లో ఏదీ దాన్ని మళ్లీ లేపలేదు, బయోస్‌లో వేక్-ఆన్-ల్యాన్ (ఆపేసిన మెషీన్‌ని నెట్‌వర్క్ మీంచి లేపే సెట్టింగ్) ముందే ఆన్ చేసి ఉంచుకోకపోతే లేచి నడవడమే.