ముందు కొవ్వు తగ్గాలా, కండ పెరగాలా? బరువులెత్తే ఆడవాళ్లకు ఏది మేలు?

జిమ్‌లో చేరిన మొదటి రోజే చాలామంది ఆడవాళ్ల చేతికి ఒక కాగితం వస్తుంది. చెప్పులు విప్పి యంత్రం మీద నిలబడితే అది ఒళ్లంతా కొలిచి, కొవ్వు ఇంత శాతం, కండ ఇన్ని కిలోలు అని అచ్చువేసి ఇస్తుంది. ముప్ఫై అన్న అంకె కనబడగానే మొహం వాడిపోతుంది. పక్కనున్న కోచ్ "ముందు దీన్ని ఇరవైకి దించుదాం మేడమ్, కండ సంగతి తర్వాత చూద్దాం" అంటాడు. ఏడేళ్ల కిందట నాతోనూ ఈ మాటే అన్నారు. నేను తలూపాను. దానివల్ల ఏడాది పోగొట్టుకున్నాను. ఆ మాట ఎవరి విషయంలో సరైనదో, ఎవరి విషయంలో కాదో తెలిసి ఉంటే ఆ ఏడాది నాకు మిగిలేది.

మొదట ఆ అంకె సంగతి. ఆడవాళ్ల ఒంట్లో కొవ్వు అవసరం కోసం ఉంటుంది. అవయవాలు, హార్మోన్లు సక్రమంగా పనిచేయడానికి మగవారికి 2 నుంచి 5 శాతం కొవ్వు సరిపోతే, ఆడవారికి 10 నుంచి 13 శాతం కావాలి. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వాడే పట్టికలో క్రీడాకారిణులకు 14 నుంచి 20, బాగా వ్యాయామం చేసేవారికి 21 నుంచి 24, మామూలు ఆడవారికి 25 నుంచి 31 శాతం అని ఉంటుంది. 32 దాటితే ఊబకాయం కింద లెక్క. అంటే ముప్ఫై శాతం ఉన్న ఆడమనిషి మామూలు మనిషే, రోగి కాదు. మగవాళ్ల ఫొటోల కింద కనిపించే 12, 15 శాతాలు మన కొలమానం కావు. పదిహేను శాతం కొవ్వుతో మగవాడు ఏళ్ల తరబడి హాయిగా ఉండగలడు. అదే పదిహేను దగ్గర చాలామంది ఆడవాళ్లకు నెలసరి గాడి తప్పుతుంది.

మన ప్రాంతం వాళ్ల శరీరాల్లో ఇంకో మెలిక ఉంది. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో పక్కపక్కన అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. వాళ్లు మగవాళ్లే అయినా, ఆ ఫొటో చెప్పిన విషయం మన ఇళ్లలోని ఆడవాళ్లకూ వర్తిస్తుంది. చూడటానికి సన్నగా ఉంటారు, బరువూ మామూలుగానే ఉంటుంది, కొవ్వు మాత్రం ఎక్కువ. బరువు సరిగ్గా ఉండి కొవ్వు శాతం ఎక్కువగా ఉందంటే తక్కువైనది కండ అని అర్థం. అలాంటి మనిషిని ఇంకా తక్కువ తినమనడం న్యాయమేనా?

అరవై కిలోల బరువు, ముప్ఫై శాతం కొవ్వు ఉన్న ఒక మహిళను తీసుకుని లెక్క వేద్దాం. ఆమె ఒంట్లో కొవ్వు 18 కిలోలు. కండ, ఎముక, నీరు అన్నీ కలిపి మిగిలినది 42 కిలోలు. ఆమె ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, తిండి బాగా తగ్గించి బరువు దించుకోవడం. జిమ్ భాషలో కట్. ఆరు కిలోలు తగ్గింది అనుకుందాం. ప్రొటీన్ చాలక అందులో రెండు కిలోలు కండ నుంచే పోయాయి. ఇప్పుడు బరువు 54, కొవ్వు 14 కిలోలు, శాతం దాదాపు 26. రెండోది బల్క్, అంటే ఎక్కువ తిని కండ పెంచడం. ఐదు కిలోలు పెరిగింది, సగం కండ, సగం కొవ్వు. బరువు 65, శాతం 31.5. మూడోది రీకాంప్. ఒంటికి రోజూ ఖర్చయ్యేంత లేదా కాస్త తక్కువ తింటూ, ప్రొటీన్ పెంచి, బరువులు ఎత్తుతూ కొవ్వును కరిగించి కండను పెంచుకోవడం. మూడు కిలోల కొవ్వు పోయి రెండు కిలోల కండ చేరింది. బరువు 59, కొవ్వు 15 కిలోలు, శాతం పాతిక.

మొదటి మనిషికీ మూడో మనిషికీ కొవ్వు శాతం దాదాపు ఒకటే వచ్చింది. కానీ కండలో తేడా నాలుగు కిలోలు. మొదటివారు గ్యాస్ సిలిండర్ పక్కకు జరపడానికి ఎవరినైనా పిలవాలి, మూడోవారు తామే జరుపుకుంటారు. అయినా బరువు యంత్రం మీద మెప్పు మొదటివారికే దక్కుతుంది. "ఆరు కిలోలు తగ్గావట కదా" అని చుట్టాలు అడిగేదీ ఆమెనే. మూడో మనిషి ఆరు నెలలు కష్టపడితే కాటా ఒక్క కిలో తేడా చూపిస్తుంది. అందుకే చాలామంది ఈ దారిని సగంలో వదిలేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

కట్ గురించి కొంచెం నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువ మంది వెళ్లేది అటే. 1,200 కేలరీల డైట్ చార్ట్ ఇప్పుడు ఇంటింటికీ తెలుసు. అందులో ఏముందో చూడండి. పైన చెప్పిన మనిషి వ్యాయామంలో 250 కేలరీలు ఖర్చు చేస్తుంది. 1,200లో అవి పోగా మిగిలేది 950. ఆమె 42 కిలోల కొవ్వేతర శరీరానికి పంచితే కిలోకు 23 కేలరీలు కూడా రావు. అమెరికాలో ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త, నెలసరి సక్రమంగా ఉన్న యువతుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 2003లో వచ్చాయి. ఇలా మిగిలే శక్తి కిలోకు 30 కేలరీల కన్నా తగ్గితే, అండం విడుదలను నడిపే హార్మోను లయ ఐదు రోజుల్లోనే దెబ్బతింటోందని వాటిలో తేలింది. ఐదు నెలలు కాదు, ఐదు రోజులు! ఈ ముప్ఫై అందరికీ ఒకే చోట గీసిన గీత కాదు, మనిషిని బట్టి మారుతుంది. కానీ కొవ్వు బాగా తగ్గాకే ఇబ్బంది మొదలవుతుందన్న నమ్మకం తప్పని మాత్రం దీనితో తెలిసింది. ఒంట్లో 28 శాతం కొవ్వు ఉన్నా, రోజూ అందే తిండి చాలకపోతే శరీరం పొదుపు మొదలుపెడుతుంది. ముందు ఆపేది గర్భధారణకు పెట్టే ఖర్చు. ఆ తర్వాత ఎముక. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి, క్రీడాకారులను హెచ్చరించింది.

నాకు జరిగింది ఇదే. నాలుగు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. మెచ్చుకోనివాళ్లు లేరు. భుజాల మీద బరువుతో కూర్చుని లేచే స్క్వాట్ మాత్రం నలభై కిలోల దగ్గర ఆగిపోయింది, జుట్టు గుప్పెళ్లతో రాలింది, మూడు నెలలు నెలసరి రాలేదు. "వ్యాయామం చేసేవాళ్లకు అలాగే ఉంటుంది" అన్నారు. అలా ఉండకూడదు. గర్భం కాకుండా వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే అది డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన విషయం, గర్వపడాల్సిన విషయం కాదు.

అలాగని కట్ అసలే వద్దని కాదు. నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటి, కొవ్వు 35 శాతం పైన ఉండి, రక్తంలో చక్కెర మధుమేహం అంచున ఉండటమో కాలేయంలో కొవ్వు చేరడమో జరిగితే తగ్గించడమే మేలు. హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే పీసీఓఎస్ ఉండి బరువు ఎక్కువైనవారికి ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలాసార్లు నెలసరి గాడిలో పడుతుంది. అయితే కోత రోజుకు 300, 400 కేలరీలకు మించకూడదు, బరువులెత్తడం ఆపకూడదు. ఇలా చేస్తే, కొత్తగా మొదలుపెట్టినవారికి తగ్గుతూనే కండ కూడా వస్తుంది.

బల్క్ మాట వినగానే మన ఆడవాళ్లకు భయం. బరువులెత్తితే మగవాళ్లలా అవుతామని ఇప్పటికీ అంటారు. ఆడవారిలో టెస్టోస్టెరాన్ మగవారితో పోలిస్తే పదిహేనో వంతు, ఇరవయ్యో వంతు. ఉన్న కండ మీద పెరిగే శాతం ఇద్దరిలో దాదాపు సమానమే. కానీ మొదలే తక్కువ కాబట్టి కిలోల్లో ఆడవారికి తక్కువ వస్తుంది. మొదటి ఏడాది అన్నీ కుదిరి నాలుగైదు కిలోల కండ వస్తే అది గొప్ప ఫలితం. ఒక్క రాత్రిలో ఎవరూ పొరపాటున కండలు తిరిగిపోరు.

ఈ దారికి మన దగ్గరే పెద్ద సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం జిల్లా వూసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో ప్రపంచ విజేతగా నిలిచింది 54 కిలోల విభాగంలో. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్లింది 69 కిలోల విభాగంలో. ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, రెండు దశల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ, బరువు పెరిగాక గెలిచింది! బరువు పెరగడమంటే పరువు పోవడమే అనుకునే మన ఇళ్లలో ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

అయితే ఆమె వృత్తి క్రీడాకారిణి. ఆఫీసు చూసుకుని సాయంత్రం గంట సేపు జిమ్‌కు వెళ్లే మనకు బల్క్ ఎప్పుడు తగుతుంది? ఏడాది పైగా క్రమం తప్పకుండా ఎత్తి, కొవ్వు 22, 23 శాతం లోపే ఉండి, బార్ మీద, అంటే ఎత్తే ఇనుప కడ్డీ మీద, బరువు నెలల తరబడి కదలనప్పుడు. లేదా నలభై ఐదు కిలోలు కూడా లేని, ఏం తిన్నా ఒంటికి పట్టని అమ్మాయిలకు. అప్పుడు కూడా రోజుకు అదనంగా 150 నుంచి 250 కేలరీలు చాలు, నెలకు అర కిలో పెరిగితే చాలు. బల్క్ పేరుతో బిర్యానీ, మిల్క్‌షేక్ అంటే పెరిగేది కొవ్వే, దాన్ని దించడానికి మళ్లీ కట్ చేయాలి. ముప్ఫై శాతం ఉన్నవారికి ఈ దారి వద్దనే చెబుతాను. ఒంట్లో నిల్వ ఉండగా బయటి నుంచి ఇంకా తేవాల్సిన పని లేదు.

ఇక మిగిలింది రీకాంప్. 24 నుంచి 34 శాతం మధ్య ఉండి, బరువులెత్తడం కొత్తగా మొదలుపెట్టినవారికి ఇదే మేలని నా గట్టి అభిప్రాయం. మన రాష్ట్రాల్లో జిమ్ గడప తొక్కే ఆడవారిలో ఎక్కువ మంది ఈ కోవలోకే వస్తారు. అలవాటున్నవారికి కూడా ఇది పనిచేస్తుంది, నెమ్మదిగా. 2018లో సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు అప్పటికే బరువులెత్తుతున్న మహిళలను రెండు జట్లుగా చేసి ఎనిమిది వారాలు గమనించారు. ఒక జట్టు శరీర బరువులో కిలోకు 2.5 గ్రాముల ప్రొటీన్ తిన్నది, రెండో జట్టు 0.9 గ్రాములు. మొదటి జట్టుకు కొవ్వేతర బరువు 2.1 కిలోలు పెరిగితే, రెండో జట్టుకు 0.6 కిలోలే. ఎక్కువ తిన్న జట్టుకు కొవ్వు పెరగలేదు, కిలోకు పైగా తగ్గింది. చిన్న అధ్యయనమే, పదిహేడు మందితో చేసినది. అయినా దాని దారి, నేను కొలతలు, ఎత్తిన బరువులు రాసుకునే నోటుపుస్తకంతో సరిపోయింది.

మన కంచంలో లోపం సరిగ్గా అక్కడే ఉంది. కండ పెరగడానికి కిలోకు 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు, అరవై కిలోల మనిషికి 96 గ్రాములు. పొద్దున మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, మజ్జిగ, రాత్రి రెండు చపాతీలు లెక్కేస్తే నలభై దాటడం కష్టం. అందులోనూ అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు ఇంకా పోలేదు. మూడు గుడ్లలో 18 గ్రాములు, వంద గ్రాముల పనీర్‌లో మరో 18, యాభై గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 26. అరవై గ్రాముల పెసలతో వేసిన పెసరట్టులో 14 గ్రాముల దాకా ఉంటుంది, ఇడ్లీకి బదులు వారంలో నాలుగు రోజులు అదే వేసుకోవచ్చు. శనివారం ఉపవాసం ఉండేవారు ఆ రోజు భారీ డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును వంగి పైకెత్తడం) పెట్టుకోవద్దు, శుక్రవారానికి జరుపుకోండి.

మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో సగానికి పైగా రక్తహీనత ఉంది. మెట్లెక్కితేనే ఆయాసం వచ్చే మనిషి "నాకు శక్తి లేదు, బరువులు నా వల్ల కావు" అనుకుంటుంది. లేనిది శక్తి కాదు, ఇనుము.

రీకాంప్‌కు ఓపిక కావాలి, కొలిచే పద్ధతి మార్చుకోవాలి. జిమ్‌లో మొదటి రోజు కాగితం ఇచ్చిన ఆ యంత్రం ఒంట్లోకి సన్నని కరెంటు పంపి, నీటిని బట్టి కొవ్వును అంచనా వేస్తుంది. నీళ్లు తక్కువ తాగినా, నెలసరి ముందు ఒంట్లో నీరు చేరినా అంకె మారిపోతుంది. ఈ రోజు 31, వారం తర్వాత 28 అంటే కొవ్వు కరిగిందని కాదు. చూడాలనుకుంటే నెలకోసారి, నెలసరి అయిన వారంలో, పరగడుపున చూడండి. అంతకన్నా నమ్మదగినవి దర్జీ టేపు, నోటుపుస్తకం. బొడ్డు దగ్గర కొలత తగ్గుతూ, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ అంకెలు పెరుగుతూ, నెలసరి తేదీ తప్పకుండా వస్తూ ఉంటే కాటా ఏం చెప్పినా మీరు సరైన దారిలోనే ఉన్నారు.

కొవ్వు 22 నుంచి 26 మధ్యకు వచ్చాక ఇంకా దించాలన్న ఆశ పుడుతుంది. అక్కడ ఆగమంటాను. శరీర సౌష్ఠవ పోటీల వేదిక ఎక్కేవారు పదిహేను కిందికి దిగేది కొన్ని వారాల కోసమే, వేదిక దిగాక తిరిగి పెంచుకుంటారు. ఫిన్లాండ్‌లో అలాంటి మహిళా పోటీదారులను పరీక్షించినప్పుడు, తిరిగి మామూలుగా తినడం మొదలుపెట్టి మూడు నాలుగు నెలలైనా కొన్ని హార్మోన్లు పూర్తిగా పాత స్థితికి రాలేదు.

ఎనిమిది వారాలు ఇలా నడిచాక నోటుపుస్తకం తిరగేయండి. బార్ మీద బరువు పెరుగుతూ నడుము తగ్గుతుంటే ఏమీ మార్చవద్దు. బార్ మీద బరువు పెరుగుతోంది గాని నడుము కదలడం లేదంటే రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించండి. నడుము తగ్గుతూ బార్ మూడు వారాలుగా ఒకే చోట ఉంటే తిండి చాలడం లేదు, రోజుకు ఇంకో గుడ్డు, గుప్పెడు వేరుశనగ పప్పులు కలపండి.